రెండు నీలాల ప్యాంట్లు

వినూతకి బళ్ళారిలో అన్నీ నచ్చాయి. ఎండ కూడా నచ్చింది. "గుంతకల్లులో ఉండేదీ అదే ఎండ గదే, గంట రైలు దూరానికి మారిపోతాదా?" అని వాళ్ళమ్మ ఫోనులో నవ్వితే, "మారిపోతాది. ఈడ ఆరేసిన చీరకి వాసనే వేరే" అని వాదించింది. పెళ్ళయ్యాక ఇంకా మొదటి ఆషాఢం కూడా రాలేదు. మెట్ల దగ్గర తన చెప్పులూ మొగుడు శరణ్ చెప్పులూ పక్కపక్కన కనిపిస్తే ఆగి ఒకసారి చూసుకుని గానీ దిగేది కాదు. పొద్దున బొరుగుల ఉగ్గానిలో పుట్నాలపొడి ఎక్కువ పడిందంటే ఆ రోజంతా పండగే.

ఇల్లు పైన, జీన్స్ కుట్టే యూనిట్ కింద. ఎం.కాం. చదివిన కోడలు కదా అని మామ రాజగోపాలయ్య ఆమెకి కంప్యూటరు దగ్గర కుర్చీ వేయించాడు. ఆమె మాత్రం ఆ కుర్చీని ఈడ్చుకుంటూ పోయి అత్త పద్మావతమ్మకి ఎదురుగా, నంబర్ల బల్ల దగ్గర వేసుకుంది. వేళ్ళకి నీలం అంటితే కడుక్కోకుండా వెళ్ళి శరణ్ కాలరుకి పూసి వచ్చేది.

నంబర్ల బల్ల పని చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. కటింగ్ మాస్టరు తిమ్మన్న బట్ట థాన్లని ఒకదానిమీద ఒకటి పరిచి మిషనుతో కోస్తాడు. ప్యాంటు ముందుభాగాలు ఒక దొంతర, వెనకభాగాలు ఒక దొంతర తయారవుతాయి. ఒకే థాను ముక్కలు ఒకే ప్యాంటులో పడాలి. ఉతక్కముందు ఏ థాను చూసినా ఒకటే చిక్కటి నీలం. వాషింగుకి పోయివచ్చాకే ఏది ఆకాశమో ఏది నేరేడుపండో బయటపడుతుంది. అందుకని తిమ్మన్న ప్రతి దొంతరలో పై ముక్క మీద సుద్దతో టిక్కు పెడతాడు. అక్కణ్ణించి మొదలుపెట్టి కిందిదాకా వరసగా అంకెల స్టిక్కర్లు అంటించాలి. కుట్టేవాళ్ళు అంకెకి అంకె జతచేసి కుడతారు. మామ రెండు మిషన్లతో మొదలుపెట్టిన నాటి నుంచీ ఆ బల్ల పద్మావతమ్మదే. ఒక్క ప్యాంటు కూడా తప్పు రంగుతో బయటికి పోలేదని తిమ్మన్న వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

ఆ తిమ్మన్నే ఒకరోజు వినూత ముఖం చూసి, "ఏమ్మా, కండ్లకింద ఆ నలుపేంది? మన డెనిమ్ రంగేనా? వాషింగుకి ఏస్తే పోతాదా?" అన్నాడు. మిషన్ల దగ్గరి ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. "కొత్త పెండ్లికూతురప్పా, సుమ్నే నోరుమూసుకోని ఉండు! నిద్రపోయేకి టైం యాడిది పాపం!" అని ఒకామె అందించింది. వినూత సిగ్గుతో బల్లకిందికి దూరినంత పని చేసింది. తల ఎత్తేసరికి అత్త కూడా నవ్వుతూ ఉంది. ఆ నవ్వు కింద, అత్త కళ్ళ కింద, అచ్చం అదే నలుపు. ఇంకా చిక్కగా. దాన్ని చూసి ఎవరూ ఏమీ అనలేదు.

ఆ నలుపు సంగతి అప్పటికే వినూత ఒక్కదానికే తెలుసు. ఓ రాత్రి మంచినీళ్ళకని కిందికి దిగి, దీపం లేని యూనిట్లో నంబర్ల బల్ల ముందు ఎవరో కూర్చుని ఉంటే కేక పెట్టబోయింది.

"భయపడొద్దమ్మా, నేనే" అంది పద్మావతమ్మ. మెడ చుట్టూ తడితువ్వాలు. జాకెట్టు చెమటకి ఒంటికి అతుక్కుని ఉంది.

ఆ చీకట్లోనే అంతా చెప్పింది. గర్భసంచిలో గడ్డలు లేచి, రక్తం పోయి పోయి నిలబడలేని స్థితి వస్తే తీసేశారు. నొప్పి పోయింది. దాంతోబాటు నిద్రా పోయింది.

"గర్భసంచి పక్కనే నిద్రసంచి ఇంగోటి ఉండె ఏమో, చూడకుండా రెండూ తీసేసినట్టుండారు" అని తన మాటకి తానే నవ్వుకుంది. వినూతకి నవ్వు రాలేదు.

"డాక్టరుకి చెప్పలేదా అత్తమ్మా?"

"చెప్తిమి. మాత్రలిచ్చిరి. అవి మింగితే పొద్దున లేచినా తడిసిన జీన్స్ మాదిరి బరువు. పాలల్లో చింతపండు రసం పోస్తి ఒకనాడు. నేనే మానేస్తి. మీ మామకి చెప్తే 'పండుకుంటే అదే వస్తాది' అనె. మళ్ళా చెప్తే 'నా చెల్లెలికీ అదే ఆపరేషనాయె, నెలకే కలుపు తీసేకి పోయె' అనె. ఇంగ చెప్పేది ఇడిసిపెడితి. రెండేండ్లాయె."

"శరణ్‌కి నేను చెప్తా."

పద్మావతమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి నిప్పులా కాలుతోంది. "ఎవరికీ చెప్పొద్దు. చెప్తే నన్ను ఈ బల్ల కాడినుంచి లేపుతారు. పగలు ఈడ కూర్చుంటేనే నేను మనిషినని నాకు గుర్తుంటాది. నా మీద ఒట్టు."

వినూత ఒట్టు పెట్టింది. పెట్టిన మరుక్షణం నుంచీ ఆమె సంతోషంలోకి ఒక ముల్లు దిగింది.

పొద్దున లేవగానే శరణ్ ముఖం చూసి నవ్వుకుంటుంది, అంతలోనే అత్త గుర్తొస్తుంది. పరుగున వంటింట్లోకి పోతుంది. అత్త పొయ్యి ముందు నిలబడి ఉంటే చీర కొంగు ఎక్కడుందో చూస్తుంది. అత్త స్కూటీ తాళం తీసుకుంటే, "నేనూ వస్తా అత్తమ్మా, బెంగళూరు రోడ్డులో గాజులు చూడల్ల" అని వెనక ఎక్కి కూర్చుని, దారంతా ఆపకుండా మాట్లాడుతుంది. మాటలు ఆపితే అత్త కళ్ళు మూసుకుంటాయేమోనని భయం. మెట్లు దిగుతుంటే ముందు తానే దిగుతుంది. ఇస్త్రీ బాయిలరు పక్కకి అత్త వెళ్తే తానూ లేచి వెళ్ళి మధ్యలో నిలబడుతుంది.

"నువ్వు పెండ్లి చేసుకున్యాది నన్నా, మా అమ్మనా?" అని శరణ్ మూతి ముడిచాడు. "మొన్న సినిమాకి పోదామంటే కూడా 'అత్తమ్మ ఒక్కటే ఉంటాది' అంటివి."

"మీ అమ్మే నీకంటే అందగత్తె, ఏం చేస్తావప్పా!" అంది వినూత. నవ్వుతూనే అంది. ఒట్టు లేకపోతే నిజం చెప్పేసేదే.

పెద్ద ఆర్డరు బల్ల మీదికి వచ్చిన రోజు ముందుభాగాల దొంతరలు వినూత తీసుకుంది, వెనకభాగాలవి అత్త. మధ్యాహ్నం దాటాక గుమ్మం దగ్గర శరణ్ కనిపించాడు. చేతిలో నూనె కారుతున్న మిరపకాయ బజ్జీల పొట్లం. అమ్మ చూడకుండా పొట్లం ఊపి కన్నుకొట్టాడు. వినూత నవ్వు ఆపుకోలేక, పొట్లానికి జాగా చేద్దామని దొంతరని అటు తోసింది, ఇటు తిప్పింది. బజ్జీ నోట్లో పెట్టుకుని ఎదురుగా చూసేసరికి నవ్వు ఆగిపోయింది. పద్మావతమ్మ కూర్చునే ఉంది. బొటనవేలి మీద స్టిక్కరు. కళ్ళు మూసుకుపోయాయి. తల కొంచెం ముందుకి వాలి, ఆమె ముందరి దొంతర మోచేతి కింద పక్కకి ఒరిగింది.

వినూత గట్టిగా దగ్గింది. పద్మావతమ్మ ఉలిక్కిపడి లేచింది. ఒరిగిన దొంతరని గబగబా సర్ది, ఏమీ జరగనట్టు స్టిక్కరు అంటించింది. వినూతా తన దొంతరలో పడిపోయింది. సుద్ద టిక్కు చూసిందా, చూడలేదా? ఆ తరవాత ఎన్నిసార్లు ఆలోచించినా ఆమెకి గుర్తుకు రాలేదు. గుర్తున్నది బజ్జీ కారం ఒక్కటే.

వాషింగ్ యూనిట్ గాదిలింగప్ప నుంచి ఫోను వచ్చినప్పుడు రాజగోపాలయ్య కాఫీ తాగుతున్నాడు. అలవాటు ప్రకారం స్పీకరు పెట్టాడు.

"ఏన్ స్వామీ, కొత్త ఫ్యాషనా ఇది?" అని గాదిలింగప్ప గొంతు ఇల్లంతా మోగింది. "ముందర ఒక నీలం, వెనక ఒక నీలం! ఎదురుగా చూస్తే ఒక మనిషి, తిరిగితే ఇంగో మనిషి! మా నీళ్ళది తప్పు లేదు స్వామీ, ముందే చెప్తాండా."

ఆటోలో వేసి తెచ్చిన ప్యాంట్లు నంబర్ల బల్ల మీద పరిచారు. తిమ్మన్న ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. ముందు లేతనీలం, వెనక ముదురునీలం. ఇంకోదానికి ముందు ముదురు, వెనక లేత. రెండిటినీ పక్కపక్కన పెట్టి, "ఒక వైపు దొంతరకి పైనుంచి నంబరేసినారు. ఇంగో వైపు దొంతర తిరగబడి, నంబర్లు కిందనుంచి పడినాయి" అన్నాడు. స్టిక్కర్లు ఉతుకులో పోయాయి. సుద్ద టిక్కులూ పోయాయి. తిరగబడింది ముందుదా, వెనకదా, ఇంక ఎవరూ చెప్పలేరు.

రాజగోపాలయ్య ముఖం కందగడ్డలా అయింది. బల్లకి అటొకరూ ఇటొకరూ నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళనీ చూశాడు. భార్యని చూసిన చూపు ఆగలేదు, జారి కోడలి మీద నిలబడింది. నిలబడి మెత్తబడింది.

"పోనీలే" అన్నాడు. "కొత్త పిల్ల. నేర్చుకుంటాది."

వినూత ప్యాంట్ల వైపు చూసింది. ఎంత సులువు! తల ఊపితే చాలు. ఒట్టు నిలుస్తుంది, అత్త బల్ల నిలుస్తుంది, రేపటికి ఇది నవ్వుకునే కథ అవుతుంది. అత్త మాత్రం ఈ రాత్రి కూడా తడితువ్వాలు మెడకి చుట్టుకుని ఇదే బల్ల ముందు కూర్చుంటుంది. ఈసారి ప్యాంట్లతో సరిపోయింది. ఇంకోసారి ఆ కళ్ళు పొయ్యి ముందు మూసుకుంటే? స్కూటీ మీద, ఇనుప ఖనిజం లారీ వెనక మూసుకుంటే? చెప్తే ఒట్టు పోతుంది, చెప్పకపోతే మనిషే పోతుందేమో.

"నేనే మామా" అంది చివరికి. "ఆ రోజు నా గ్యానం పని మీద లేదు."

"ఆ పిల్ల కాదు, నేను" అంది పద్మావతమ్మ.

"లేదు మామా, నేనే. దొంతర తిప్పినాను, నాకు తెలుసు."

"నీకేం తెలుసే? నాది తిరగబడింది. నేనే తిరగేసి సర్దితి."

రాజగోపాలయ్య ఒకరి తరవాత ఒకరిని చూశాడు. "ఏందప్పా ఇది! అత్తాకోడండ్లు నేను కాదంటే నేను కాదని కొట్లాడేది చూసినా. నేనంటే నేనని కొట్లాడేది ఈ బళ్ళారిలో యాడా చూడల్యా."

ఎవరో కిసుక్కున నవ్వారు. శరణ్ నవ్వలేదు. "అమ్మా, ఇన్నేండ్లు చేసినావు. నీకెట్ల తప్పుతాది? కోడల్ని ఎనకేసుకొస్తాండావు గదా?"

పద్మావతమ్మ బల్ల అంచు పట్టుకుంది. "ఎనకేసుకొచ్చేదేం లేదు. ఈ పొద్దు 'కొత్త పిల్ల' అంటారు. రేపు ఇంగోటి పోతే 'కోడలు కాలుపెట్టిన ఏళ' అంటారు. నేనొచ్చినప్పుడు మా అత్త, మీ జేజి, అట్లనే అనె. దాన్ని ఆ మాట పడనీను." కళ్ళ కింది నలుపు వేలితో చూపించింది. "నాకు నిద్ర లేదురా శరణ్. ఆపరేషనైన కాడి నుంచి లేదు. ఆ రోజు కూర్చున్న కాడనే కండ్లు మూతబడె. ఏది పైనో ఏది కిందో నాకు తెలియల్యా."

ఒక్కొక్క మిషనే ఆగిపోయింది. తిమ్మన్న కుట్టేవాళ్ళకి సైగ చేసి అందరినీ బయటికి, టీకి పంపేశాడు. తానూ పోయాడు.

"రెండేండ్లు నా పక్కనే పండుకోని నాకు చెప్పవా?" అన్నాడు రాజగోపాలయ్య. గొంతులో కోపం ఉంది, కోపం కింద ఇంకేదో ఉంది.

"చెప్తిని. పండుకుంటే అదే వస్తాదంటిరి."

ఆయన, తనకి తెలిసిన ఒకే దారిలో, గట్టిగా అన్నాడు. "అట్లయితే ఇంగ ఈ బల్ల కాడికి రావద్దు. పైన పండుకో. ఒక మనిషిని పెడతా."

రెండేళ్ళుగా పద్మావతమ్మ భయపడిన మాట ఇదే. నడుముకి దోపుకున్న స్టిక్కర్ల రోలు తీసి బల్ల మీద పెట్టింది.

వినూత ఆ రోలు తీసి మళ్ళీ అత్త చేతిలో పెట్టింది. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత పైకి లేవడం అదే మొదటిసారి.

"పైన పండుకుంటే నిద్ర వచ్చేదయితే అత్తమ్మ రాత్రిపూట ఈడికి ఎందుకు దిగి వస్తాది మామా? ఈ బల్ల కూడా తీసేస్తే ఆయమ్మకి పగలు కూడా లేకుండా పోతాది! నేను ఎదురుగా కూర్చుంటా. నా దొంతర అత్తమ్మ చూస్తాది, అత్తమ్మది నేను చూస్తా. టిక్కు చూసినామని ఒకరికొకరం చెప్పుకుంటేనే మొదటి స్టిక్కరు పడేది. తీసుకుపోవల్సింది బల్ల కాడినుంచి కాదు మామా, డాక్టరు కాడికి!"

మామ మెట్లెక్కి వెళ్ళిపోయాడు. కొత్త కోడలు గొంతు లేపిందని సాయంత్రానికి బంధువులందరికీ తెలుస్తుందని, గుంతకల్లుకి ఫోను పోతుందని వినూత భయపడుతూ కూర్చుంది. కాసేపటికి పైనుంచి ఆయన గొంతు వినిపించింది.

"శరణూ! ఆ ప్యాంట్లన్నీ నల్లరంగు అద్దేకి ఇయ్యి గాదిలింగప్పకి. నల్లగా చేస్తే ఏ నీలమూ తెలియదు." మెట్ల దాకా వచ్చి, "అట్లనే, మంచి లేడీ డాక్టరు యాడుందో కనుక్కో" అన్నాడు.

డాక్టర్ నేత్ర పాత కాగితాలు చూసి, "గర్భసంచితోపాటు అండాశయాలు రెండూ తీసినారు, మీకు చెప్పినారా?" అని అడిగింది. పద్మావతమ్మ భర్త వైపు చూసింది. ఆయన నేల చూశాడు. "ఏమో చెప్పిరి. సంతకం చేయమనిరి. చేస్తిని."

ముట్లు ఆగే వయసులో నెమ్మది మీద రావలసిన మార్పు ఒక్కపూటలో వచ్చి పడిందని, ఆ వేడీ చెమటా దానివేనని, పరీక్షలు చేసి వాటికి మందు ఇవ్వవచ్చని డాక్టరు చెప్పింది. మాత్ర ఒక్కటే చాలదంది. రెండేళ్ళుగా మంచం అంటేనే ఒళ్ళు భయపడుతోంది, దానికి మళ్ళీ నేర్పాలి. నిద్ర ముంచుకొస్తేనే మంచమెక్కాలి. రాకపోతే లేచి వచ్చేయాలి. పగలు కునుకు తీయకూడదు, మధ్యాహ్నం దాటితే టీ తాగకూడదు. రాత్రి ఎట్లా గడిచినా సరే, పొద్దున ఒకే వేళకి లేవాలి. తెల్లారుజామున నిద్రపట్టినా లేపేయాలి.

"ఎవరు లేపుతారు?" అని అడిగింది డాక్టరు.

"నా చేత కాదు" అన్నాడు రాజగోపాలయ్య. వినూత క్లాసులో మాదిరి చెయ్యి ఎత్తింది.

మొదట్లో ఇంకా కష్టమైంది. కునుకు కూడా లేక అత్త మరీ చిక్కిపోతుంటే, తన చేతులతో తానే ఆమెని చంపుతున్నానా అని వినూతకి దడ పుట్టింది. పొద్దున తలుపు తట్టబోతే, తట్టకముందే "లేచే ఉండా" అన్న మాట లోపలినుంచి వచ్చేది. లేపే పనే లేదు.

ఇంతలో ఆషాఢం వచ్చింది. కొత్త కోడలూ అత్తా ఒకే గడప దాటకూడని నెల. "ఈసారికి వద్దులే" అని వినూత ఎంత బతిమాలినా, ఈ ఒక్క విషయంలో పద్మావతమ్మే ఒప్పుకోలేదు. వినూత ఏడుస్తూ గుంతకల్లు రైలెక్కింది. శరణ్ కోసం సగం ఏడ్చింది, అత్త కోసం సగం. అల్లుడూ అత్తగారి గడప తొక్కకూడదు కాబట్టి శరణ్ ఆదివారం గుంతకల్లు స్టేషనుకి వచ్చాడు. ప్లాట్‌ఫారం బెంచీ మీద ఇద్దరూ వడలు తిన్నారు. ఆమె ఖాళీ కుర్చీలో ఇప్పుడు మామ కూర్చుంటున్నాడట, స్టిక్కర్లు వంకరగా అంటించి రోజూ అత్త చేత తిట్లు తింటున్నాడట. వినూత కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

లేపే పని మాత్రం ఆమెదే. పొద్దున అదే వేళకి ఫోను చేసేది. ఒక్క రింగు పూర్తికాకుండానే అత్త ఎత్తేది. "లేచే ఉండామ్మా." ఆ వేగమే వినూతకి శత్రువు. తలకింద ఫోను పెట్టుకుని దాని కోసం ఎదురుచూస్తూ పడుకున్న మనిషే అంత తొందరగా ఎత్తుతుంది.

ఒకరోజు ఫోను మోగింది. మోగుతూనే ఉంది. ఆగిపోయింది.

వినూత మళ్ళీ చేసింది. ఎత్తలేదు. పొయ్యి గుర్తొచ్చింది, మెట్లు గుర్తొచ్చాయి, బాయిలరు గుర్తొచ్చింది. శరణ్‌కి చేస్తే మొద్దునిద్రలో ఉన్నాడేమో, ఎత్తలేదు. కంగారులో మామ నంబరు రెండుసార్లు తప్పు నొక్కింది. మూడోసారి కలిసింది.

"మామా! అత్తమ్మ..."

"ష్!" అన్నాడు రాజగోపాలయ్య, గుసగుసగా. "మెల్లగా మాట్లాడు. నిద్రపోతాంది."

"నిద్రనా? నిజంగానా మామా?"

"గురక పెడతాంది. కూర్చోని ఇంటాండా. నీ ఫోను ఇనపడకుండా దిండు కింద నేనే తోసేస్తి."

"లేపండి మామా."

"నీకేమన్నా పిచ్చా! రెండేండ్లకి వచ్చిండే నిద్ర!"

"లేపకపోతే రాత్రికి మళ్ళా రాదు. డాక్టరు చెప్పింది గదా."

"నేను లేపను. నాకు మనసు రాదు."

"ఫోను చెవి కాడ పెట్టండి. నేను లేపుతా."

అవతల మంచం కిర్రుమంది. బరువైన, నెమ్మదైన ఊపిరి వినిపించింది. వినూత కళ్ళు మూసుకుని ఆ ఊపిరిని కొంచెంసేపు విన్నది. ఇంకొంచెంసేపు విందామనిపించింది. మనసు గట్టి చేసుకుంది.

"అత్తమ్మా! లేవండి! తెల్లారింది!"

ఊపిరి తెగింది. ఏదో గొణుగుడు. ఆ తరవాత, నిద్రతో బొంగురుపోయిన గొంతుతో, పద్మావతమ్మ కోడల్ని మొదటిసారి నోరారా తిట్టింది.

"నీ యవ్వారం కాలిపోనూ! ఎంత బాగా పట్టిండె నిద్ర! ఎవరే నిన్ను లేపమన్యాది? పెట్టేయ్ ఫోను!"

"పెట్టను. లేచి కూర్చుంటేనే పెడతా" అంది వినూత. ఏడుస్తూ, నవ్వుతూ, వంటింట్లో ఉన్న వాళ్ళమ్మకి కూడా వినపడాలని స్పీకరు నొక్కింది. "ఇంగోసారి తిట్టు అత్తమ్మా. సరిగ్గా ఇనపడల్యా."